పదిహేను మీటర్ల ఊపిరి

అప్పలస్వామి కేబుల్ పని పట్టాడంటే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. మాట్లాడితే పని చెడుతుందని కాదు, పనిచేస్తున్న మనిషికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలని ఆయన పట్టుదల. టెలిఫోన్ శాఖలో కేబుల్ జాయింటరుగా విశాఖపట్నం రోడ్ల పక్క గోతుల్లో కూర్చుని జీవితమంతా తీగలు అతికిన మనిషి. రిటైరయినా ఆ దర్జా తగ్గలేదు. ఇప్పుడు ముందు గదిలో చాప పరుచుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, బూడిదరంగు నెట్‌వర్క్ కేబుల్ పైతొడుగుని బ్లేడుతో గీరి లాగుతున్నాడు.

"ఇంకా ఎంతసేపు మావయ్యా?" అని పడకగదిలోంచి కేకేసింది కోడలు హేమలత.

"ఎనిమిది తీగలమ్మా. వందల జతల కేబులు అతికినోణ్ణి, నన్ను తొందరపెట్టకు."

హేమలత నవ్వుకుంది. వచ్చి చూడాలని ఉంది గానీ ఆమె ఆ గది దాటడానికి లేదు. దాటితే మంచం మీదున్న ఆమె భర్త ఈశ్వరరావుకి ఊపిరి ఆగిపోతుంది.

ఇది మాటవరసకి అన్నది కాదు. గోపాలపట్నంలో లారీ విడిభాగాల కొట్టు నడిపే ఈశ్వరరావు బైకు మీంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాడు. ప్రాణం దక్కింది, తెలివి దక్కింది, నోరు ఎలాగూ దక్కింది. మెడ కింద మాత్రం ఏదీ కదలదు. తనంతట తాను గాలి పీల్చుకోలేడు. వెంటిలేటర్ మీద రెండుసార్లు న్యుమోనియా వచ్చింది, మూడోసారి వస్తే మిగలడన్నారు. అప్పుడొచ్చింది డాక్టర్ ఫణిశ్రీ, తన పరిశోధనశాలలో తయారైన ఊపిరి వారధిని పట్టుకుని.

ఆరోగ్యంగా ఉన్న మనిషి మెడకీ ఛాతీకీ పట్టీలు అంటిస్తారు. గాలి పీల్చమని ఆ మనిషి మెదడు ఇచ్చే ఆజ్ఞని ఆ పట్టీలు పట్టుకుంటాయి. నడుముకి కట్టుకున్న చిన్న పెట్టె దాన్ని అంకెలుగా మార్చకుండా ఉన్నది ఉన్నట్టు కేబుల్లోకి పంపుతుంది. మంచం పక్కనున్న యంత్రం దాన్ని అందుకుని, రోగి మెడలో నరానికి బిగించిన చిప్‌కి అందిస్తుంది. "ఎనిమిది తీగల్లో నడిమి రెండూ మీ ఆజ్ఞని మోసుకెళ్తాయి. వాటికి అటూ ఇటూ ఉన్న రెండూ ఆయన మెదడు సొంతంగా ఏమైనా చెబుతోందా అని విని, ఆ కబురు వెనక్కి తెస్తాయి" అని మొదటిరోజే వివరంగా చెప్పింది ఫణిశ్రీ. వైఫైని ఆమె నమ్మలేదు. సిగ్నల్ తప్పితే మామూలుగా సినిమా ఆగుతుంది, ఇక్కడ మనిషి ఆగుతాడు.

అలా హేమలత పీలిస్తే ఈశ్వరరావు పీలుస్తాడు, ఆమె వదిలితే అతను వదులుతాడు. వదిలేటప్పుడే మాట్లాడతాడు. ఇద్దరూ పోట్లాడుకుంటే వినాలి: ఒకేసారి అరుస్తారు, ఒకేసారి ఆగి గాలి తీసుకుంటారు, మళ్ళీ ఒకేసారి మొదలెడతారు. ఆమె తుమ్మితే అతని మాట తెగుతుంది. ఆమెకి దుఃఖం వస్తే మాత్రం గొంతులోనే నొక్కేసుకుంటుంది. ఆమె వెక్కితే అతని ఛాతీ కూడా వెక్కుతుంది, అది చూడటం ఆమె వల్ల కాదు.

పరిశోధనశాల ఇచ్చిన కేబుల్ రెండు మీటర్లు. ఆ రెండు మీటర్లలోనే ఏడాది పైగా కాపురం చేసింది. స్నానం మంచం పక్కన తెర కట్టుకుని. వంట మామగారిది, ఆయన చారు గురించి మాట్లాడకపోవడమే మంచిది. పొడుగు కేబుల్ ఇమ్మంటే, తయారీవాళ్ళకి చెప్పాను, వస్తుంది అనే అంటోంది డాక్టరు. బజారులో రెడీమేడ్‌వి దొరుకుతాయి గానీ వాటికి రెండు చివరలా ప్లగ్గు బిగించే ఉంటుంది, గోడ కన్నంలోంచి దూరదు. పడకగది నుంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి వీధి అరుగు దాకా లాగాలంటే ముందు వట్టి కేబుల్ దూర్చి, తర్వాత ఇంట్లోనే ప్లగ్గులు బిగించుకోవాలి.

"అది నాకొగ్గీయండి" అన్నాడు అప్పలస్వామి. పదిహేను మీటర్ల కేబులూ సామానూ తెచ్చుకున్నాడు, గోడలకి కన్నాలు కొట్టాడు, చాప పరిచాడు.

తీగలు బయటికి తీశాక, వాడుకలో ఉన్న పాత కేబుల్ చివరని గుమ్మంలోంచి వంగి పరీక్షగా చూశాడు. ప్లగ్గు అద్దంలాంటి ప్లాస్టిక్కు, లోపలి రంగులు కనిపిస్తాయి. చూసి పకపకా నవ్వాడు.

"ఒరే ఈశ్వరా, ఇది సూడు. నీలం జత, నారింజ జత, ఆకుపచ్చ జత, గోధుమరంగు జత. దేని జోడుని అది మెలేసుకుని ఉంటాది. ఈళ్ళేటి సేసినారు? ఆకుపచ్చ జోడుని ఇడదీసి మద్దెలో నీలం జోడుని కూకోబెట్టినారు. ఎవడో కుర్రోడు కళ్ళు మూసుకుని బిగించీసినాడు. మా ఇంజినీరు సూస్తే సెంప పగలగొట్టును."

"పనిచేస్తన్నాది కద నాన్నా."

"పనిచేస్తాది. మనం సరిగ్గా సేద్దుం."

సరిగ్గానే చేశాడు, ఆయన నేర్చిన పద్ధతిలో. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. ఏ జోడునీ విడదీయకుండా పక్కపక్కనే పెట్టి, కొసలు సమంగా కత్తిరించి, ప్లగ్గులోకి తోసి, క్రింపింగ్ టూల్‌తో కటుక్కున నొక్కాడు. రెండో చివర కూడా అదే వరస. టెస్టర్ తగిలిస్తే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. వాటిని కొడుక్కి చూపించి, కోడలికి చూపించి, ఎదురింటివాళ్ళకి కూడా చూపించి వచ్చాడు.

మర్నాడు ఫణిశ్రీ వచ్చి టెస్టర్ చూసింది, లైట్లు చూసింది, బాగుందంది. యంత్రానికీ, నడుము పెట్టెకీ చెరో రెండు సాకెట్లు ఉంటాయి. కొత్త కేబుల్ తగిలించాకే పాతది పీకాలి. హేమలత అలాగే చేసి, నడుముకి పెట్టె సరిచేసుకుని, గది గడప దాటింది. వెనక్కి తిరిగి చూసింది. ఈశ్వరరావు ఛాతీ నిమ్మళంగా లేస్తోంది, దిగుతోంది. ఆమె వంటింట్లోకి వెళ్ళి, ఏ పనీ లేకపోయినా స్టవ్వు వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించింది.

ఆ సాయంత్రమే ఈశ్వరరావు కేకేశాడు. "లతా! ఇలగ రా. గీత లేస్తన్నాది!"

యంత్రం తెర మీద రెండు గీతలుంటాయి. పైది హేమలత ఆజ్ఞ, గుట్టలు గుట్టలుగా సాగుతుంది. కిందిది ఈశ్వరరావు మెదడు మాట. అది ఇన్నాళ్ళూ నేల మీద పడుకునే ఉంది. ఇప్పుడు దాని మీద చిన్న చిన్న గుట్టలు. ఆమె పీల్చిన ప్రతిసారీ ఒకటి.

ఫణిశ్రీ పరుగున వచ్చింది. చాలాసేపు తెర ముందు నుంచి లేవలేదు. తర్వాత రోజూ చూసింది, ఇంటి నుంచి వచ్చే రికార్డులన్నీ చూసింది. చివరికి ఒకరోజు కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని చెప్పింది.

"బళ్ళో టీచరు వెంట పిల్లలు పలికినట్టు, ఈశ్వరరావుగారి మెదడు మీ వెంట పలుకుతోందమ్మా. కాకపోతే చిప్ నరాన్ని బిగించి పట్టుకుని ఉంది, ఆయన ఆజ్ఞ దాన్ని దాటి కిందికి పోలేదు. చిప్ తీసేస్తే పోతుంది. ఆయన ఊపిరి ఆయన తీసుకుంటారు."

"తీశాక పోకపోతేనండీ?" అని అడిగింది హేమలత.

ఫణిశ్రీ కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది. "మళ్ళీ బిగించడం కుదరదు. తీసేటప్పుడే నరం కొంత దెబ్బతింటుంది. అప్పుడిక వెంటిలేటరే. అందుకే ఇన్నాళ్ళు ఆగి చూశాను. మనకున్న ఆధారం ఈ గీత ఒక్కటే. అది ఒక్కరోజు కూడా తప్పలేదు."

అప్పలస్వామి మాడుగుల హల్వా తెప్పించి వీధంతా పంచాడు. "నా కేబులు సలవ. ఇన్నాళ్ళూ ఆ వంకర కేబుల్లోంచి ఆడి మాట రానేదు" అని ప్రతి గుమ్మంలోనూ చెప్పాడు. డాక్టరు కూడా కాదనలేదు, నవ్వి ఊరుకుంది.

ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం ఈశ్వరరావు కునుకు తీస్తున్నాడు. పొద్దున్నే అంబులెన్సు వస్తుంది, దాంట్లో పొట్టి కేబులే వాడాలి. మూలపడి ఉన్నది పనిచేస్తోందో లేదో చూద్దామని హేమలత దాన్ని తుడిచి, రెండో సాకెట్‌లో తగిలించి, పొడుగుది పీకింది. ఈశ్వరరావు ఛాతీ మామూలుగానే లేచింది. ఆమె తృప్తిగా తెర వైపు చూసింది.

కింది గీత పడుకుని ఉంది.

వదులైందేమోనని ప్లగ్గు నొక్కింది. గీత లేవలేదు. పొడుగుది తగిలించి పొట్టిది పీకింది. గుట్టలు వచ్చాయి. మళ్ళీ మార్చింది, పోయాయి. మళ్ళీ మార్చింది, వచ్చాయి.

అప్పుడు హేమలత, ఎన్నడూ చేయకూడదని డాక్టరు చెప్పిన పని చేసింది. పొడుగు కేబుల్ ఉండగానే ఊపిరి బిగబట్టింది. పై గీత ఆగింది. అదే క్షణంలో కింది గీత కూడా ఆగింది. ఈశ్వరరావు ఛాతీ కదలడం లేదు. అతని మెదడుకి నిజంగా మాటొచ్చి ఉంటే ఇప్పుడు కేక పెట్టాలి, గాలి కావాలని గోల చేయాలి. గీత చడీచప్పుడూ లేకుండా పడుకుంది. ఈశ్వరరావు గభాలున కళ్ళు తెరిచాడు. ఆమె పెద్దగా గాలి పీల్చింది.

"ఏటైంది?"

"తుమ్ము రాబోయి ఆగింది" అని హేమలత లేచి, కేబుల్ లాక్కుంటూ అరుగు మీదికి వెళ్ళింది. అప్పలస్వామి మిగిలిన హల్వా పొట్లాలు కడుతున్నాడు.

"మావయ్యా, పూర్వం ఫోనెత్తితే ఎవరెవరివో మాటలు వినపడేవి కదా. ఎందుకలగ?"

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్ళు ఈ కాలంలో ఎవరున్నారు! "క్రాస్‌టాక్ అంటారమ్మా దాన్ని. ఒక లైనుకి ఒక జోడు. ఆ రెండూ మెలేసుకుని ఉంటేనే పక్క లైను మాట ఇందులోకి దూరదు. పనిరానోడు ఈ జోడులోంచి ఓ తీగ, ఆ జోడులోంచి ఓ తీగ ఒకే లైనుకి ఇచ్చీసినాడనుకో, పక్కోడి మాటంతా ఇందులోకి దిగిపోద్ది. మీటరు పెడితే అన్నీ బాగున్నట్టే సూపిస్తాది. అదే దాంతో సిక్కు. సెవి పెట్టి ఇంటే గాని దొరకదు."

హేమలత నడుము దగ్గర ప్లగ్గు వైపు చూసింది. నాలుగోది నారింజ, అయిదోది ఆకుపచ్చ చారలది. నడిమి రెండూ ఇవే, తన ఆజ్ఞని మోసేవి. రెండూ వేరువేరు జోళ్ళవి. వాటి జతగాళ్ళు అటూ ఇటూ కూర్చుని ఉన్నాయి, కబురు వెనక్కి తెచ్చే చోట. మామగారు నవ్విన ఆ పాత ప్లగ్గులో నడిమి రెండూ నీలం జోడు, అటూ ఇటూ ఉన్నవి ఆకుపచ్చ జోడు. కుర్రాడెవడూ కళ్ళు మూసుకుని బిగించలేదు. ఈ యంత్రానికి వరసే అది.

ఇన్నాళ్ళూ యంత్రం వింటున్నది ఆమె మాటనే. ఈశ్వరరావు మెదడు ఏమీ అనలేదు.

మామగారు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమెకి ముందు ఒళ్ళుమండే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ తర్వాత వచ్చిన ఆలోచన కోపం కన్నా ఘోరమైంది. నేనీ పొట్టి కేబుల్ ముట్టుకోకుండా ఉండాల్సింది అనుకుంది. రేపటితో తేలిపోయేది. యంత్రం చెప్పింది, డాక్టరు చెప్పింది, తనని ఎవరూ పల్లెత్తు మాట అనరు. అలా అనుకున్నది తనేనా అని ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది.

గదిలోకి వచ్చి మంచం పక్కన కూర్చుని బట్టలు మడత పెట్టసాగింది.

"నీ ఊపిరి మారింది" అన్నాడు ఈశ్వరరావు.

"ఏం లేదు బావా."

"నీకు తెలీకుండా నేను నిద్ర కూడా పోలేను. నాకు తెలీకుండా నువ్వు అబద్ధమాడగలవా? చెప్పు."

దాచడం ఆమె వల్ల కాలేదు. అంతా చెప్పింది. ఈశ్వరరావు పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"నాన్నకి చెప్పినావా?"

"లేదు."

"డాక్టరమ్మకి?"

"ఇంకా లేదు."

"చెప్పకు."

హేమలత చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"ఇను. కోప్పడకుండా ఇను. ఈ తాడు కట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతావే? నీకు జ్వరమొస్తే నాకు భయం. నువ్వు నవ్వితే నాకు సంతోషం, నాకోసం ఏడుపు మింగుకుంటే నాకు సిగ్గు. రేపు వాళ్ళు తీసీనీ. ఎవరి తప్పూ అవదు. నేను చచ్చిపో..."

హేమలత ఊపిరి ఆపేసింది.

మాట సగంలో తెగింది. పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు. ఆమె ముఖం ఎర్రబడింది, అతని ముఖమూ ఎర్రబడింది. ఇక పట్టలేనన్నప్పుడు వదిలింది. ఇద్దరూ గుటకలేసినట్టు గాలి పీల్చుకున్నారు.

"అది నా ఊపిరి బావా. దాంతో ఆ మాట అననివ్వను."

"లతా, నీ మంచికే..."

మళ్ళీ ఆపింది. ఈసారి అతను పెదాలు కదపలేదు. కళ్ళలోంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోయాయి. ఆమె ఊపిరి వదిలి, చొక్కా అంచుతో అతని చెవులు తుడిచింది.

"మరి నీ బతుకో?" అన్నాడు, నెమ్మదిగా.

"నా బతుకు నేను పోట్లాడి తెచ్చుకుంటాను. నువ్వు చచ్చి ఇవ్వక్కర్లేదు." ఫోను తీసి ఫణిశ్రీకి కలిపింది.

ఫణిశ్రీ వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి వచ్చింది. కేబుళ్ళు మార్చి చూసింది, రెండు ప్లగ్గుల్నీ పక్కపక్క సాకెట్లలో ఉంచి, పెట్టెని వెలుతురుకి తిప్పి చూసింది. చూసి నేల మీద చతికిలబడింది.

"లైట్లు చూశాను. రంగులు చూడలేదు" అంది. "రేపు ఈపాటికి ఆయన్ని చంపేసి ఉండేదాన్ని."

అప్పలస్వామి గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆయనకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. అరుగు మీద కోడలికి తను చెప్పిన పాఠం ఒక్కసారిగా తలకెక్కింది. కళ్ళజోడు పెట్టుకుని ప్లగ్గు చూశాడు, తీసేసి చూశాడు. "పనిరానోణ్ణి నానే" అన్నాడు. మనిషి ముఖం నల్లబడిపోయింది. గుమ్మం పక్క సామాను సంచిలోంచి కటింగ్ ప్లేయరు అందుకుని, గోడ కన్నంలోంచి వస్తున్న పొడుగు కేబుల్‌ని దాని పళ్ళ మధ్య పెట్టాడు.

"మావయ్యా, ఆగండి!" హేమలత అరిచింది. "అందులోనే ఉన్నాం!"

ఫణిశ్రీ పరీక్షలన్నీ అయ్యాక పొడుగు కేబుల్‌నే తగిలించి, పొట్టిది ఒళ్ళో పెట్టుకుని ఉంది. అప్పలస్వామి చెయ్యి బిగుసుకుపోయింది. ప్లేయరు పళ్ళు అప్పటికే పైతొడుగులో దిగాయి. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, ప్లేయరుని నేల మీద పెట్టి, గోడకి జారగిలబడి కూర్చున్నాడు. పెద్దాయన ఏడుస్తుంటే హేమలత చూడటం అదే మొదలు.

పొట్టి కేబుల్ మీదికి మారాక, ఆయన ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. ప్లేయరు గాటు పడ్డ చోటుతో సహా పొడుగు కేబుల్ రెండు చివర్లూ కోసేశాడు. ఫణిశ్రీ పక్కన కూర్చుని రంగులు చెబుతుంటే, ఆయన బడిపిల్లాడిలా తిరిగి చెబుతూ తీగలు పేర్చాడు.

హేమలత మంచం అంచున కూర్చుని ఆ ఇద్దరినీ చూస్తోంది. "డాక్టరుగారూ, ఈ పెట్టె నా ఊపిరి తప్ప ఇంకెవరిదీ పట్టుకోదా?" అని అడిగింది.

"పట్టుకుంటుంది. కొన్ని వారాలు అలవాటు చేయాలి, అంతే. మరి..." ఫణిశ్రీ ఆగింది. "మీరున్నారు కదా అని."

"నేనున్నానని ఇంకెవర్నీ అడగలేదు."

యంత్రం కనిపెట్టిన ఆమెకి గానీ, ప్రాణం పోసుకున్న అతనికి గానీ, చివరికి హేమలతకి గానీ ఇంతవరకు రాని ప్రశ్న అది. భార్య ఉండగా వేరే ఊపిరి ఎందుకని ఊరంతా అనుకున్నట్టే వాళ్ళూ అనుకున్నారు.

అప్పలస్వామి క్రింపింగ్ టూల్ కింద పెట్టి చొక్కా గుండీలు విప్పడం మొదలెట్టాడు.

"పట్టీలు ఎక్కడ అంటించాల డాక్టరమ్మా?"

"మీ వయసుకి రోజంతా కుదరదండీ. పరీక్షలు చేయాలి. బాగుంటే పూటకి ఒక గంట, రెండు గంటలు..."

"గంటే సేస్తాను." ఆయన కోడలి వైపు తిరిగాడు. "ఏడాదిగా ఈ ఇంట్లోనే ఉన్నాను, నాకు తోసనేదమ్మా. ఇంత తీగ లాగినాను గాని, ఇది మాత్రం తోసనేదు."

పరీక్షలు అయ్యాయి, అలవాటు చేయడం అయింది. ఒకరోజు పొద్దున్న కొత్తగా బిగించిన కేబుల్‌ని అప్పలస్వామి నడుముకి తగిలించారు. ఆయన మంచం పక్కన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఈశ్వరరావు ఛాతీ లేచింది, ఈల వేసినట్టు చిన్న చప్పుడు చేసింది, దిగింది.

"నాన్న ఊపిరి బీడీ కంపు కొడతన్నాది" అన్నాడు ఈశ్వరరావు. మాట పొట్టి పొట్టిగా వచ్చింది.

"నోర్మూసుకుని పీల్సు" అన్నాడు తండ్రి. ఇద్దరూ ఒకేసారి దగ్గారు.

హేమలత గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె నడుముకి ఏమీ లేదు. ఆమె గాలి పీల్చింది, అతను పీల్చలేదు. తర్వాత అతను పీల్చాడు, తనకి వీలైనప్పుడు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేటే? పో" అన్నాడు ఈశ్వరరావు.

ఆమె వెళ్ళింది. అరుగు దిగింది, వీధిలో నడిచింది. అలవాటు కొద్దీ చెయ్యి నడుము దగ్గరికి పోయింది, ఏమీ తగల్లేదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద సిటీబస్సు కదలబోతోంది. ఎక్కడికి పోయే బస్సో ఆమె చూడలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. చెప్పు జారింది, సరిచేసుకోకుండానే పరుగెత్తి కమ్మీ అందుకుని ఎక్కి, ముందు దొరికిన సీట్లో కూలబడింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.

జవాబు చెబుదామని నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ఛాతీ ఎగిసిపడుతోంది, గొంతు ఎండిపోయింది, పక్కటెముకల్లో పోటు.

"నిదానంగా చెప్పమ్మా" అని కండక్టరు పక్కనే నిలబడ్డాడు.

ఇంట్లో ఈశ్వరరావు తండ్రి ఊపిరితో నింపాదిగా ఏదో కబురు చెబుతూ ఉంటాడు. ఈ ఆయాసం ఆమె ఒక్కదానిదే.